పిల్లలు చుట్టాలు కాదు, ఇంటివాళ్ళు

సెలవులకు పిల్లల్ని డల్లాస్ నుంచి తిరుపతికి తీసుకొచ్చే ముందు మా అమ్మతో ఒకటే మాట చెబుతాను: వాళ్ళను చుట్టాల్లా చూడొద్దమ్మా అని. ఆమెకు నచ్చదు. "అంత దూరం నుంచి వచ్చిన బిడ్డలకు నీళ్ళు, కరెంటు లెక్క చూస్తామా?" అంటుంది. ఏసీ పద్దెనిమిదిలో పెడుతుంది. సంపు అడుగంటితే ఇంకో ట్యాంకరు చెబుతుంది.

ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ ఏ ఇంటి పొదుపులో మనకు వాటా ఉంటుందో అదే మన ఇల్లు. ఏ పనీ చెప్పకుండా, ఏ అడ్డూ పెట్టకుండా చూసుకుంటే పిల్లలు ఎన్నేళ్ళు వచ్చినా అక్కడ అతిథులుగానే మిగిలిపోతారు.

డల్లాస్‌లో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో పిల్లలకు కనబడదు. ఇక్కడ చూపించొచ్చు. రంగంపేట దగ్గర కల్యాణి డ్యాంకు తీసుకెళ్ళాను. శేషాచలం కొండల్లో వాన పడితేనే అది నిండుతుంది. సరిపోనప్పుడు ఊరిని ఆదుకునేది తెలుగుగంగ, అంటే శ్రీశైలం నుంచి అంత దూరం కాలువల్లో వచ్చే కృష్ణా నీళ్ళు. ఆ దారంతా మ్యాప్‌లో వేలు పెట్టి చూశాక, మా అమ్మాయి పళ్ళు తోముకునేటప్పుడు కొళాయి కట్టేయడం మొదలుపెట్టింది. నేనేమీ చెప్పలేదు.

దానికే ఇంకో అనుమానం వచ్చింది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయిన వీడియోలు చూసింది కదా, మరి ఎండాకాలం ట్యాంకరు ఎందుకని. మంచి ప్రశ్న. వానంతా కొన్ని రోజుల్లోనే కుమ్మరిస్తుంది. చెరువులు పూడిపోయి, నేలంతా సిమెంటు అయితే ఆ నీళ్ళు భూమిలోకి ఇంకడానికి దారి ఉండదు. అందుకే మా మిద్దె మీది వాన నీళ్ళు పెరట్లో ఇంకుడు గుంతకు పోతాయి. ఆ గుంతలో చెత్త ఎత్తే పని పిల్లలిద్దరికీ ఇచ్చాను. అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

స్నానం సంగతి చెప్పాలి. అమెరికాలో షవర్‌కు ఉన్న పరిమితి నిమిషానికి రెండున్నర గ్యాలన్లు. పది నిమిషాలు నిలబడితే దాదాపు 95 లీటర్లు. అవ్వ ఇంట్లో ఒక బకెట్టు, ఒక చెంబు, 20 లీటర్లతో అయిపోతుంది. తాగునీళ్ళు శుద్ధి చేసే ఆర్ఓ మిషన్ వదిలేసే నీళ్ళు కూడా పారబోయరు, వాటితో ఇల్లు తుడుస్తారు. ఇది లేమి కాదు, నేర్పు. పిల్లలు జాలిపడకుండా గౌరవంతో చూడాలని నా తాపత్రయం.

కరెంటు లెక్కలు మావాడివి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకు ఇరవై గంటలు తిరిగితే దాదాపు ఒక యూనిట్ మిగులుతుందని అవ్వకు కాగితం మీద వేసి చూపించాడు. ఏసీ ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం వరకు తగ్గుతుందని కూడా. నేను చెబితే వినని మనిషి, మనవడు చెప్పాక ఇరవై నాలుగుకు మార్చింది.

ఇప్పుడు మిద్దె మీద సోలార్ పెట్టాలనుకుంటున్నాం. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఏ వేళకు ఎక్కడిదాకా పడుతుందో సుద్దతో గీసిపెట్టమని మావాడికి వాళ్ళ అవ్వే పురమాయించింది.