తాత చాయ్ మగ్గు

హన్మకొండ ఇంట్లో అటక మీద తాత పింగాణీ మగ్గు దొరికింది. ఆజంజాహి మిల్లులో షిఫ్టు దిగి వచ్చాక ఆయన చాయ్ తాగింది ఇందులోనే. లోపలంతా గోధుమరంగు మరక. అమ్మ బ్లీచింగ్ పౌడర్ అంది, నేను వద్దన్నాను. పూతలో వెంట్రుకంత సన్నటి పగుళ్లున్నాయి, వాటిలోకి దిగితే మగ్గే పాడవుతుంది. వేడినీళ్లు కూడా పోయలేదు.

వంటసోడాలో నాలుగు చుక్కల నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డ చుట్టిన వేలితో నెమ్మదిగా రుద్దాను. మరక కరుగుతూ కరుగుతూ అడుగున తెలుపు బయటపడింది. అంచున ఉన్న బంగారు గీతను మాత్రం ముట్టుకోలేదు, రుద్దితే అదీ పోతుంది.

పిడి దగ్గర చిన్న పెచ్చు ఊడింది. దాన్ని పూడ్చను. తాత బొటనవేలు ఆనేది అక్కడే.

సాయంత్రం బాపు మగ్గును చేతిలోకి తీసుకొని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.