నూజివీడు రసాలు ఇంటికి చేరేసరికి – నా అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి గడ్డిలో మగ్గబెట్టిన మామిడికాయల చివరి వరస తిప్పి పడుకున్నా, పొద్దున లేచేసరికి ఇల్లంతా మామిడిపండు వాసన. ఇంత మంచి వాసన మధ్య కూర్చుని కూడా, ఈ కాయలు ఇవ్వకుండా నన్ను మూడు రోజులు తిప్పిన పార్సిల్ ఆఫీసు గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది, కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది నూజివీడు దగ్గర పల్లెటూరు, నాన్నకి ఎకరంన్నర తోట ఉంది. సగం బంగినపల్లి, మిగతావి చిన్నరసాలు, గట్టు మీద రెండు కొత్తపల్లి కొబ్బరి చెట్లు (పేరు కొబ్బరే గానీ అదీ మామిడి రకమే). నేను హైదరాబాద్ వచ్చి పదహారేళ్ళు. ఇక్కడ బండి మీద పండ్లు కొనను. అన్నీ ఒకే పసుపు, కోస్తే లోపల టెంక దగ్గర పులుపు. కాల్షియం కార్బైడ్ అనే రసాయనం పొట్లాలు వేసి పండించడం 2011 ఫుడ్ సేఫ్టీ నిబంధనల్లోనే నిషేధించారు, 100 పీపీఎం దాకా (అంటే పది లక్షల వంతుల్లో వంద వంతులు) కాయల్ని పండించే ఎథిలీన్ గ్యాస్ మాత్రం వాడొచ్చు, అయినా ఆ పొట్లాలు దొరుకుతూనే ఉన్నాయి. కార్బైడ్‌కి తడి తగిలితే ఎసిటిలీన్ అనే గ్యాస్ వస్తుంది, పైగా ఆ సరుకులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లాంటివి కలిసి ఉంటాయి. అలాంటివి పిల్లల చేతిలో పెట్టలేను. అందుకే ప్రతి ఏడాదీ కాయలు తెప్పించుకుని ఇంట్లోనే గడ్డిలో మగ్గబెడతా.

కోత, సర్దడం, బుకింగ్ అన్నీ నాన్న ఒక్క పూటలో చేసేశారు. చిక్కంతో కోయించి, బెత్తెడు తొడిమ ఉంచి, సొన కారిపోయేదాకా బోర్లించి, అప్పుడు పెట్టెల్లో గడ్డి వేసి సర్దారు. రెండు అట్టపెట్టెలు, ఒక్కోటి 20 కేజీలు, ఒకదాంట్లో 48 బంగినపల్లి, ఇంకోదాంట్లో 96 చిన్నరసాలు. బుధవారం సాయంత్రం బుక్ చేస్తే గురువారం పొద్దున్నే హైదరాబాద్‌లో దిగిపోయాయి. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

గురువారం పదింటికి ఇక్కడి పార్సిల్ ఆఫీసుకి వెళ్ళా. పేరు చెప్పా, రసీదు ఫొటో చూపించా. కౌంటర్‌లో అబ్బాయి తలెత్తకుండా "ఓటీపీ చెప్పండి" అన్నాడు. రాలేదన్నా. నెంబర్ చూస్తే చివరి అంకె తప్పు, నాన్న ఆరు వేస్తే అక్కడ కంప్యూటర్‌లో కొట్టినాయన సున్నా కొట్టాడు. సరే నెంబర్ మార్చు బాబూ అంటే "బుక్ చేసిన బ్రాంచ్ వాళ్ళే మార్చాలి మేడం" అన్నాడు. నాన్నకి ఫోన్ చేశా, డెబ్భై రెండేళ్ళ మనిషి ఎండలో మళ్ళీ బస్సెక్కి అక్కడికి వెళ్తే వాళ్ళేమో "సరుకు వెళ్ళిపోయింది కదండీ, ఇంక డెలివరీ ఇచ్చే వాళ్ళే మార్చాలి" అన్నారు. నేను ఇక్కడ, నాన్న అక్కడ, మధ్యలో రెండు కౌంటర్లు. ఆ రోజు అలాగే పోయింది.

శుక్రవారం ఆధార్ కార్డు పట్టుకెళ్ళా. పెట్టె మీద నా పేరు ఉంది కదా, కార్డు చూసి ఇచ్చేస్తారనుకున్నా. అక్కడ ఇంకో మెలిక. నాన్న పెట్టె మీదా రసీదు మీదా నా పుట్టింటి ఇంటిపేరు రాశారు. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆయనకి నేను ఆ ఇంటి పిల్లనే, చేతికి ఆ పేరే వస్తుంది. ఆధార్‌లో మావారి ఇంటిపేరు. అబ్బాయి రెండూ పక్కపక్కన పెట్టి చూసి, వెనకాల పది మంది నిలబడి ఉండగా, "ఇంటిపేరు కలవట్లేదు, ఎవరి పెట్టెలో ఏమో, మీకిచ్చేస్తే రేపు అసలు మనిషి వస్తే నేనేం చెప్పాలి" అన్నాడు. అంటే నేను వేరే వాళ్ళ కాయలు ఎత్తుకెళ్ళడానికి వచ్చానని. జాలీ తలుపు అవతల రేకుల షెడ్డు కింద మా పెట్టెలు కనిపిస్తూనే ఉన్నాయి, నీలం మార్కర్‌తో నాన్న రాత, ఆయన "ళ" ని పెద్ద సున్నా చుట్టి రాస్తారు, ఎక్కడున్నా గుర్తుపడతా. అది మా నాన్న దస్తూరీ అండీ అన్నా. ఎవరు వింటారు. "నలభై కేజీల మామిడికాయలకి రెండోసారి తిరుగుతున్నారు, రైతుబజార్లో కొనుక్కోవచ్చు కదమ్మా" అన్నాడు, వెనకాల ఎవరో నవ్వారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏమీ అనకుండా బయటికొచ్చి స్కూటీ దగ్గర కాసేపు నిలబడ్డా.

ఒకటి చెప్పాలి ఇక్కడ. కోసిన కాయ చచ్చిపోయిన వస్తువు కాదు. చెట్టు నుంచి దిగాక కూడా అది గాలి పీల్చుకుంటుంది, లోపల వేడి పుట్టిస్తుంది, మగ్గడం అంటేనే అది. మూతేసిన అట్టపెట్టెలో, మే నెల ఎండలో, రేకు కింద రెండు రోజులు పెడితే మగ్గదు, ఉడుకుతుంది. మిక్సీ పార్ట్ అయితే వారం ఉంచినా ఏం కాదు, కాయకి అలా కుదరదు. పండ్లు, కూరలు, పాలు తీసుకుని డబ్బులు కట్టించుకునేటప్పుడు ఆ మాత్రం ఆలోచన ఉండాలి కదా.

శనివారం మావారు కూడా వచ్చారు. మళ్ళీ అదే కౌంటర్, అదే మాట. అప్పుడు బస్తాలు దించుతున్న ఒక పెద్దాయన, హమాలీ, నా వైపు వచ్చి "అమ్మా, పంపినోళ్ళ నెంబర్‌కి గూడ ఓటీపీ పోతది, గా ఆప్షన్ ఉంటది, అడుగుండ్రి" అన్నాడు. అడిగా. ఆ అబ్బాయి ఏదో నొక్కాడు, నాన్న ఫోన్‌కి మెసేజ్ వెళ్ళింది, ఆయన నాలుగంకెలు చదివి చెప్పారు. రెండే రెండు నిమిషాలు. రెండున్నర రోజులుగా నన్ను తిప్పిన పని రెండు నిమిషాల పని. పైగా రోజుకి ఇంత అని నిల్వ చార్జీ 120 రూపాయలు కట్టించుకున్నారు, "సరుకు మంచి కండిషన్లో అందింది" అని రిజిస్టర్లో సంతకం అడిగారు. పెట్టె తెరిచి చూస్తానంటే సంతకం పెట్టాకే తెరవాలన్నారు. సంతకం పక్కన "పెట్టె తెరవకుండా సంతకం చేయించారు" అని రాశా. ఆ అబ్బాయి మొహం మాడింది. నాకు ఆ మూడు రోజుల్లో అదొక్కటే తృప్తి. ఆ పెద్దాయనకి ఇంటికెళ్ళాక డజను కాయలు విడిగా తీసిపెట్టి, పండాక మావారితో పంపించా.

కాబట్టి కాయలు పంపించుకునే వాళ్ళు రసీదు చేతికి రాగానే ఫోన్ నెంబర్ ఒక్కో అంకె చదివించండి, ఆధార్‌లో ఉన్న పేరే రాయించండి, ఓటీపీ రాకపోతే మొదటి నిమిషంలోనే "పంపిన వాళ్ళ నెంబర్‌కి కొట్టండి" అనండి. పెట్టెకి నాలుగు వైపులా బొక్కలు పెట్టించండి.

ఇంటికొచ్చి మూత తీస్తే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. గడ్డి చెమ్మగా ఉంది. ముచ్చిక చుట్టూ గోధుమరంగు వలయం తిరిగి, వేలు పెడితే లోపలికి దిగిపోయేవి 31 తేలాయి, వాటిల్లో రసాలే 22. ఒక్కోటి తీసి పక్కన పెడుతుంటే నాన్న ఫోన్లో "ఎన్ని పోయాయమ్మా" అని అడిగారు, పది అని చెప్పా.

మిగిలినవి నీళ్ళతో కడిగి, ఫ్యాన్ కింద బట్ట మీద పూర్తిగా ఆరబెట్టా. తడి మీద గడ్డిలో పెడితే ఒక్కటి కూడా మిగలదు. తడిసిన గడ్డి పారేసి, గుడి దగ్గర గోశాలలో అడిగి ఎండు వరిగడ్డి రెండు మోపులు తెచ్చుకున్నా. చిన్న గదిలో గోనెపట్టాలు పరిచి, జానెడు గడ్డి, దాని మీద ఒకదానికొకటి తగలకుండా ఒక్క వరస కాయలు, పైన మళ్ళీ గడ్డి. కిటికీ ఓరగా తీసి ఉంచాలి. పక్క ఫ్లాట్ ఆంటీ "ఒక పొట్లం పడేస్తే రెండు రోజుల్లో అయిపోతాయి కదే" అన్నారు, ఆ మాట మా ఇంట్లో అనొద్దని గట్టిగానే చెప్పా. ఇంకొకరు ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. పచ్చికాయని ఫ్రిజ్‌లో పెడితే చలికి తోలు మచ్చలొచ్చి ఇంక సరిగ్గా పండదు. పండాకైతే మూడు నాలుగు రోజులు ఆగుతాయి, తినే ముందు గంట బయట ఉంచండి.

రోజూ రాత్రి గడ్డి తీసి తిప్పడం, పండినవి ఏరడం. బంగినపల్లి పసుపు తిరిగి చెప్పేస్తుంది. రసాలకి రంగు నమ్మకూడదు, తోలు సగం ఆకుపచ్చగా ఉండగానే పండిపోతాయి, ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి చూడాలి, బొటనవేలితో మెత్తగా నొక్కాలి. నాలుగో రోజు మొదటి ఏడు దొరికాయి. మావాడు ఒకటి తీసుకుని రెండు అరచేతుల మధ్య తిప్పితిప్పి మెత్తబరిచాడు, ముచ్చిక పంటితో గిల్లి మొదటి చుక్క సొన పిండేశాడు, నేను నేర్పలేదు, పోయిన వేసవిలో తాతయ్య దగ్గర చూసి నేర్చుకున్నాడు. తర్వాత నోట్లో పెట్టుకుని పీల్చాడు, రసం మోచేతిదాకా కారింది, టెంక తెల్లగా అయ్యేదాకా వదల్లేదు. మా అత్తయ్య పెరుగన్నంలో బంగినపల్లి ముక్కలు వేసుకుని తిన్నారు, ఆవిడకి రసాలు పడవు.

గడ్డిలో ఇంకా 14 ఉన్నాయి. నిన్న నాన్న ఫోన్ చేసి "రెండో కోత ఉంది, మళ్ళీ పంపనా" అన్నారు. వద్దు నాన్నా, శుక్రవారం రాత్రి బస్సుకి నేనే వస్తున్నా, సీటు కింద పెట్టుకుని తెచ్చుకుంటా అన్నా. కొబ్బరి చెట్టువి నేనొచ్చేదాకా కోయించొద్దని కూడా చెప్పా.