1687: ఒక్క ఏడాదికి మూడున్నర మీటర్ల కాగితం

ఎవరైనా నా వయసు అడిగితే మా అమ్మ అంకె చెప్పదు, "వీడు ప్రభవలో పుట్టాడు" అంటుంది. అంటే 1987. అక్కణ్ణుంచి అరవై చొప్పున ఐదుసార్లు వెనక్కి వెళ్తే 1687, అదీ ప్రభవే. గోల్కొండ పడిపోయిన ఏడు అది. న్యూటన్ చలన సూత్రాల పుస్తకం 'ప్రిన్సిపియా' అచ్చయింది కూడా ఆ ఏడే అని తెలిశాక ఇక మనసు నిలవలేదు. ఆ ఒక్క ఏడాదిలో ఎక్కడ ఏం జరిగిందో రోజుకో సెంటీమీటరు చొప్పున మా నడవ గోడ మీద పెట్టాలని మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు నెలలైంది.

మొదటి రెండు వారాలు

కాగితంతోనే సరిపోయింది. 365 రోజులకు 365 సెంటీమీటర్లు. ముందు డ్రాయింగ్ షీట్లు అతికించి చూశాను. ప్రతి అతుకు దగ్గరా మిల్లీమీటరో, అరమిల్లీమీటరో తేడా వచ్చింది. జూన్‌కి వచ్చేసరికి అర రోజు ఎక్కువైంది. అదంతా తీసేసి, ప్యాకింగుకి వాడే గోధుమరంగు కాగితం చుట్టలోంచి నాలుగు మీటర్లు ఒకే ముక్కగా కోయించి తెచ్చాను. గీతలు గీసేటప్పుడు నిన్నటి గీత నుంచి ఇవాళ్టి గీతకి కొలవకూడదు. ఉక్కు టేపుని సున్నా దగ్గర బిగించి, ప్రతి గీతనీ సున్నా నుంచే కొలవాలి. అలా చేస్తే ఒకచోట జరిగిన తప్పు అక్కడితోనే ఆగిపోతుంది.

ఆ కాగితం మీద సిరా పాకుతుంది, బాల్‌పెన్ను సరిగ్గా కనబడదు. నల్ల జెల్ పెన్ను బాగుంది, రాశాక ఒక నిమిషం ఆరనివ్వాలి అంతే. చీటీలు అతికించడానికి మైదా జిగురు వాడుతున్నాను. రెండు చెంచాల మైదాని గ్లాసుడు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద తిప్పుతూనే ఉండి, గంజిలా చిక్కబడగానే దించేయాలి. బైండింగ్ చేసేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, మా ఇంట్లో చిన్నపిల్ల ఉంది, అందుకే నేను కలపలేదు. ఈ జిగురుతో ఒక లాభముంది: తడిగుడ్డ రెండు నిమిషాలు వేసి ఉంచితే చీటీ చిరక్కుండా ఊడి వస్తుంది. ఆ లాభం ఎంత పెద్దదో ఐదో వారంలో తెలిసింది.

మూడో వారం

మనుషుల చీటీలు మొదలుపెట్టాను. పుట్టుకలకు పసుపు, మరణాలకు తెలుపు, మిగతావాటికి లేత ఎరుపు. మొట్టమొదటి తెల్లచీటీ జనవరి 28న, హెవేలియస్‌ది. చంద్రుడి పటాలు గీసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు, డాన్‌జిగ్ ఊరివాడు. పుట్టింది 1611 జనవరి 28న. తన 76వ పుట్టినరోజునాడే పోయాడు.

తర్వాతది లూలీ. పద్నాలుగో లూయీ రాజుగారి ఆస్థాన సంగీతకారుడు. రాజుకి శస్త్రచికిత్స జరిగి నయమైనందుకు జనవరి 8న పారిస్‌లో కృతజ్ఞతా గీతం ఏర్పాటు చేశారు. అప్పట్లో తాళం వేయడానికి పొడుగాటి కర్రని నేలకేసి కొట్టేవాళ్లట. ఆ కర్ర పోటు లూలీ కాలి వేలిమీదే పడింది. పుండు ముదిరింది, వేలు తీసేయాలన్నారు, ఆయన ఒప్పుకోలేదు. మార్చి 22న చనిపోయాడు. జనవరి 8 నుంచి మార్చి 22 దాకా కాగితం మీద 73 సెంటీమీటర్లు. ఆ రెండు చీటీల మధ్య ఎర్ర దారం కట్టాను. మా పాప రోజూ దాని పక్కనుంచి నడుస్తూ వేలితో తడుముతుంది. ఒక మనిషి నొప్పి పడ్డ కాలం అంత పొడుగుందని నాకు ఏ పుస్తకం చదివినా ఇలా తెలిసేది కాదు.

దారానికి అవతలి కొస కంటే మూడు సెంటీమీటర్ల ఇవతల, మార్చి 19న, లా సాల్ చీటీ. మిసిసిపీ నది మొగ వెతుక్కుంటూ వచ్చి టెక్సాస్‌లో దారి తప్పిన ఫ్రెంచి అన్వేషకుడు. సొంత మనుషులే కాల్చి చంపారు.

ఐదో వారం

పెద్ద తప్పు బయటపడింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గోల్కొండ పతనాన్ని సెప్టెంబర్ 21న అతికించాను. దానికి కుడివైపు ఐదు సెంటీమీటర్ల దూరంలో, సెప్టెంబర్ 26న, ఏథెన్స్‌లోని పార్థెనాన్ పేలుడు. తురుష్కులు ఆ పాత గుడిలో తుపాకిమందు దాచారు, పిల్లాజెల్లా కూడా అందులోనే తలదాచుకున్నారు. మొరొసీనీ నాయకత్వంలోని వెనిస్ సేన పేల్చిన గుండు నేరుగా అందులో పడింది. దాదాపు 300 మంది పోయారు. రెండువేల ఏళ్లు నిలిచిన కట్టడం ఒక్కరోజులో పైకప్పు లేని మొండిగోడలైంది. గోల్కొండ ముందు, ఏథెన్స్ తర్వాత అనుకుని సంతోషంగా ఫొటో కూడా తీసుకున్నాను.

వారం తర్వాత హిజ్రీ తేదీల పట్టీ గీస్తుంటే లెక్క కుదరలేదు. గోల్కొండ పడింది హిజ్రీ 1098 జుల్‌ఖాదా 24న. 1099 మొహర్రం ఒకటో తేదీ 1687 నవంబర్ 7. అక్కణ్ణుంచి ముప్ఫై రోజులు వెనక్కి వస్తే అక్టోబర్ 8, అది జుల్‌హిజ్జా ఒకటి; మరో ముప్ఫై వస్తే సెప్టెంబర్ 8. అది జుల్‌ఖాదా ఒకటి. అంటే 24వ తేదీ అక్టోబర్ 1 అవుతుంది, సెప్టెంబర్ 21 కాదు. సరిగ్గా పది రోజుల తేడా.

ఆ పది చూడగానే అర్థమైంది. ఇంగ్లండు అప్పటికింకా పాత జూలియన్ క్యాలెండరే వాడుతోంది. అది ఇప్పుడు మనం వాడే కొత్త గ్రెగోరియన్ క్యాలెండరుకి పది రోజులు వెనక. వెనిస్, ఫ్రాన్స్ 1582లోనే కొత్తదానికి మారాయి. ఇంగ్లిష్‌వాళ్ల లెక్కలో రాసిన గోల్కొండ తేదీనీ, వెనిస్ లెక్కలో ఉన్న ఏథెన్స్ తేదీనీ నేను ఒకే గీత మీద పెట్టాను. తడిగుడ్డ వేసి గోల్కొండ చీటీ ఊడదీసి పది సెంటీమీటర్లు కుడికి జరిపాను. పార్థెనాన్‌కి ఐదు సెంటీమీటర్లు ఎడమన ఉన్నది ఐదు సెంటీమీటర్లు కుడికి వచ్చింది. వరస తిరగబడింది.

ఇలాంటి పని చేసేవాళ్లకి ఒక సలహా. చీటీ రాసేముందే ఆ తేదీ ఏ క్యాలెండరుదో మూలలో చిన్న అక్షరం వేయండి, పాతదైతే 'పా', కొత్తదైతే 'కొ'. నేను కాగితం అడుగున పాత తేదీలు రాసిన సన్నటి పట్టీ ఒకటి పది సెంటీమీటర్లు జరిపి కుట్టేశాను. 1687 మొత్తానికీ తేడా పదే కాబట్టి ఒక్కసారి జరిపితే చాలు. 'ప్రిన్సిపియా' కూడా అలాగే కదిలింది. పుస్తకం పూర్తయిందని ఖగోళ శాస్త్రజ్ఞుడు హేలీ న్యూటన్‌కి రాసిన ఉత్తరం మీది తేదీ జులై 5, కొత్త లెక్కలో జులై 15. లండన్‌లోని శాస్త్రజ్ఞుల సంఘం రాయల్ సొసైటీ అంతకుముందే చేపల మీద ఒక పెద్ద పుస్తకం వేసి డబ్బులు ఖర్చుపెట్టేసింది. అందుకని న్యూటన్ పుస్తకాన్ని హేలీ సొంత డబ్బుతో అచ్చువేయించాడు. హేలీని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఎనిమిది నుంచి పదో వారం దాకా: గోల్కొండ

దీనికి ఒక్క చీటీ చాలలేదు. ముట్టడే ఎనిమిది నెలలు. కాగితం మీద రెండు మీటర్లకు పైగా సాగే బూడిదరంగు పట్టీ వేశాను. దాని మీద ఔరంగజేబు తన కొడుకు షా ఆలమ్‌ని ఖైదు చేయడం (తానీషాతో లోపాయికారీ ఉత్తరాలు నడిపాడని), జూన్‌లో కోట గోడ కింద పెట్టిన మందుపాతరలు తిరగబడి మొగల్ సైనికుల్నే చంపడం, వానలు, పొంగిన మూసీ, కరువు. న్యూటన్ పుస్తకం సరిగ్గా ఈ బురద రోజుల పైనే వచ్చింది.

కోటని చివరికి ఫిరంగులు గెలవలేదు. లోపలి సర్దార్ అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం తిని, తెల్లవారుజామున మూడింటికి ద్వారం తీసిపెట్టాడు. ఇంకో సర్దార్ అబ్దుర్ రజాక్ లారీ మాత్రం గుర్రమెక్కి, తన మనుషులు పదిమందిని వెంటబెట్టుకుని ఎదురు తిరిగాడు. ఒంటి మీద డెబ్బై దాకా గాయాలని రాశారు. కొబ్బరిచెట్టు కింద స్పృహ లేకుండా దొరికితే ఔరంగజేబే వైద్యుల్ని పంపించి బతికించాడు. తానీషా తనని పట్టుకోవడానికి వచ్చినవాళ్లని ఫలహారానికి కూర్చోమన్నాడట. తర్వాత ఆయన్ని దౌలతాబాద్ కోటకి తరలించారు, మళ్లీ తిరిగి రాలేదు.

అక్కన్న మాదన్నల చీటీ కూడా రాసి పెట్టుకున్నాను, కానీ అతికించలేకపోయాను. వాళ్లని చంపింది 1686లో, నా కాగితానికి ఎడమ అంచు అవతల. కాగితం పక్కన గోడ మీదే, చేతి ఎత్తున, ఒక్క గుండుసూదితో గుచ్చాను. అది అక్కడే ఉంటుంది.

ఈ వారం

మిగతావి గబగబా అయ్యాయి. ఆగస్టు 12న హంగేరీలోని మొహాచ్ దగ్గర తురుష్కుల ఓటమి, నవంబర్ 8న వాళ్ల సుల్తాన్ నాలుగో మెహ్మద్ పదవి పోవడం. ఈ రెంటినీ పార్థెనాన్‌తో కలిపి ఒకే నీలం దారం కట్టాను, మూడూ ఒకే యుద్ధం. అక్టోబర్ 20న పెరూలోని లీమా భూకంపం.

పని ఆగింది చివరి అంచు దగ్గర. చెన్నపట్నం కార్పొరేషన్‌కి ఇంగ్లిష్‌వాళ్లు ఇచ్చిన చార్టర్ (స్థాపన పత్రం) మీద తేదీ 1687 డిసెంబర్ 30. కొత్త లెక్కలో అది 1688 జనవరి 9. వదిలెయ్యడానికి మనసొప్పలేదు. కోయించి తెచ్చిన నాలుగు మీటర్లలో ఇంకా 35 సెంటీమీటర్లు మిగిలే ఉంది కాబట్టి గీతలు జనవరి 10 దాకా పొడిగించాను.

నిన్న రాత్రి తెలుగు నెలల పట్టీ పూర్తయింది. అమావాస్యలు లెక్కపెట్టుకుంటూ వస్తే ప్రభవ ఉగాది మార్చి నడుమ పడింది. గోల్కొండ చీటీ కింద భాద్రపద బహుళం వచ్చింది. అమ్మని పిలిచి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "మహాలయ పక్షంలోనా" అంది. ఆ చీటీ మూలలో ఆ మాట కూడా రాశాను.