ఇంట్లో అడిగి చెప్తాను

"ఇంట్లో ఒక మాట అడిగి సోమవారం చెప్తానండీ" అన్నాను. మా ప్రొఫెసర్ గారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "నీకు 34 ఏళ్లు కదా?"

ఆవిడ అడిగింది పెద్ద విషయమేమీ కాదు. నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తారట, ఉంటానా అని. ఇటలీలో నాది ఏడాదికోసారి ప్రాణం పోసుకోవాల్సిన రీసెర్చి కాంట్రాక్టు కాబట్టి ఎగిరి గంతేయాల్సిన మాట. పక్క టేబుల్ కుర్రాడు ఊరుకోక, "డిపెండెంటే స్కేల్లో అయిదుకి అయిదు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సైకిల్ మీద ఇంటికి పోతుంటే మాత్రం ఒళ్లు మండింది.

వాడి జోకు అర్థం కావాలంటే మేం చేసే పని చెప్పాలి. 1995లో సుజాన్ స్కాట్, రెజినాల్డ్ బ్రూస్ అని అమెరికాలో ఇద్దరు ఒక ప్రశ్నావళి ప్రచురించారు. మనిషి నిర్ణయాలు ఎలా తీసుకుంటాడో తెలుసుకోవడానికి 25 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా అంకె వేయాలి, 5 అంటే పూర్తిగా ఒప్పుకున్నట్టు. అయిదేసి వాక్యాలు ఒక్కో శైలికి: లెక్కలు వేసి తేల్చేవాళ్లు, మనసుకు తోచినట్టు పోయేవాళ్లు, పదిమందినీ అడిగేవాళ్లు (మావాడు అన్న 'డిపెండెంటే' వీళ్లే), రేపు చూద్దాంలే అని తప్పించుకునేవాళ్లు, అప్పటికప్పుడు తేల్చేసేవాళ్లు. దాని ఇటాలియన్ అనువాదం ఇక్కడి ఉద్యోగస్థుల దగ్గర నిలబడుతుందా లేదా అని చూడటం మా పని. ఒకరు ఇటాలియన్‌లోకి మారుస్తారు. మూలం చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తెస్తారు. రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టుకుని మేం వాదించుకుంటాం. తర్వాత జనం చేత నింపించి, ఇటాలియన్‌లోనూ ఆ వాక్యాలు అవే అయిదు గుంపులుగా విడిపోతున్నాయా, ఒక గుంపులోవి ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయా అని లెక్క కట్టడం నా వంతు.

లెక్కలకన్నా నాకు మాటల తగువే ఇష్టం. అప్పటికప్పుడు అనడానికి వీళ్లు 'లీ పెర్ లీ' అంటారు, అచ్చం మన 'అక్కడికక్కడే' లాగా మాటను రెండుసార్లు అని. ఇంగ్లీషువాళ్లు నిర్ణయాన్ని చేస్తారు, వీళ్లు మనలాగే తీసుకుంటారు. ఇంత దగ్గరితనం చూసి మురిసిపోతుంటే 'డిపెండెంటే' వచ్చి పడింది. ఇటాలియన్‌లో దానికి ఆధారపడేవాడు అనే కాదు, ఉద్యోగి అని కూడా అర్థం. మా నాన్న ఆర్టీసీలో పనిచేసినన్నాళ్లూ అమ్మా నేనూ ఆయన డిపెండెంట్లం. ఇక్కడి లెక్కలో అయితే ఆయనే డిపెండెంటే. నా కాంట్రాక్టు ఉద్యోగం కింద రాదు కనుక నేను ఆ మాటకూ నోచుకోలేదు.

ఆ డిపెండెంటే గుంపులో ఒక వాక్యం ఉంది: ముఖ్యమైన నిర్ణయం ఇతరులను సంప్రదించకుండా తీసుకోవడం నా విషయంలో అరుదు, అనే అర్థంలో. నా గొడవంతా దానితోనే. మన దగ్గర "ఇంట్లో అడిగి చెప్తా" అన్నవాడు నిజంగా అడుగుతాడా? సంబంధం నచ్చకపోయినా అదే మాట, చీటీ వేయమన్నా అదే మాట. వద్దని మొహం మీద అనలేక ఇంటి మీదకు తోస్తాం. మా నాన్న ఖమ్మంలో స్థలానికి అడ్వాన్సు ఇచ్చేసి వచ్చి, సాయంత్రం పెదనాన్నకు ఫోన్ చేసి "ఏం చేద్దామంటావ్ అన్నయ్యా?" అని అడిగాడు. ఇది ఏ శైలి? లెక్కలు వేసుకున్నాడు, డబ్బు కట్టేశాడు. అయినా అడగకపోతే పెదనాన్న ఆర్నెల్లు మాట్లాడడు. ఆ వాక్యం ముందు పెడితే మాత్రం నాన్న కళ్లు మూసుకుని 5 వేస్తాడు. ఆ 5 ఆయన నిర్ణయం గురించి చెబుతోందా, అన్నగారి మీద గౌరవం గురించి చెబుతోందా?

ఇదంతా ప్రొఫెసర్ గారికి చెప్పాలని ఇటాలియన్‌లో వాక్యాలు కూడా కూర్చుకున్నాను. చెప్పలేదు. అసలు వీళ్లేం తక్కువ తిన్నారు? ఆవిడకు షష్టిపూర్తి దగ్గరపడింది. రోజూ ఒంటిగంటకు వాళ్లమ్మకు ఫోన్ చేస్తారు. కిందటి నెల ఏ ఫ్రిజ్ కొనాలో ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆవిడ వయసు ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి ఒక ప్రశ్నావళి తీసి నేనూ నింపాను. ఆ వాక్యం దగ్గర 4 వేసి, కొట్టేసి 2 వేశాను. నిజం చెప్పాలంటే, ఇటలీ వస్తున్న సంగతి వీసా చేతికి వచ్చాకే ఇంట్లో చెప్పాను. అప్పుడు అడగనిదాన్ని ఇప్పుడెందుకు అడుగుతున్నట్టు? ఆ కాగితం ఎలాగూ లెక్కలోకి రాదు. మా డేటాలోకి ఇటాలియన్ మాతృభాష అయినవాళ్లనే తీసుకుంటాం. ఆ నిబంధన ఫైల్లో టైపు చేసింది నేనే.

ఆదివారం నాన్నకు ఫోన్ చేసి కాంట్రాక్టు సంగతి చెప్పాను.

"నీ ఇష్టం అమ్మా, నీకు తెలియంది ఏముంది" అన్నాడు. ఈ మధ్య అన్నిటికీ అదే మాట. టీవీ సౌండు తగ్గించినట్టున్నాడు. కాసేపాగి, "అది సరేగానీ, మీ మేడం గారిని ఒక మాట అడిగావా? ఆవిడేమన్నారు?" అన్నాడు.