నంబర్ సిస్టమ్ ప్రిపరేషన్‌లో నాకు దారి చూపిన 7,20,720

ఎస్సై, కానిస్టేబుల్, రైల్వే పరీక్షలకు సిద్ధమవుతున్న మిత్రులకు అరిథ్మెటిక్‌లోని నంబర్ సిస్టమ్ గురించి నా అనుభవం చెప్పాలనుకుంటున్నాను. హన్మకొండ రీడింగ్ రూముల్లో చదివే మనలో చాలామంది ఈ అధ్యాయాన్ని సూత్రాలుగా బట్టీ పడతాం. బిట్టును కాస్త తిప్పి అడిగితే ఏ సూత్రం వాడాలో తోచదు. ఒకే పెద్ద సంఖ్యను తీసుకుని, అడగదగిన ప్రశ్నలన్నీ దాని మీదే వేసుకోవడం మొదలుపెట్టాక ఈ అధ్యాయం నాకు పట్టుబడింది. ఆ సంఖ్య 7,20,720.

720 పక్కన మళ్లీ 720 రాయడమంటే 720ని 1001తో గుణించడమే. 1001 అంటే 7 × 11 × 13 కనుక, ఏ మూడంకెల సంఖ్యను రెండుసార్లు పక్కపక్కన రాసినా అది ఈ మూడింటితోనూ నిశ్శేషంగా భాగించబడుతుంది. 720లోని 2⁴ × 3² × 5ను కూడా చేర్చితే ప్రధాన కారణాంకాలన్నీ నోటి లెక్కతోనే వచ్చేస్తాయి.

ఇక కారణాంకాల సంఖ్య. ఒక కారణాంకాన్ని తయారుచేయడానికి 2ను అసలు తీసుకోకపోవడం మొదలుకొని నాలుగుసార్లు తీసుకోవడం వరకు ఐదు మార్గాలున్నాయి. 3కు మూడు, మిగిలిన నాలుగు ప్రధాన సంఖ్యలకు తలా రెండు. అన్నీ గుణిస్తే 240. ఘాతాంకానికి ఒకటి ఎందుకు కలుపుతామో ఇలా అర్థమైనవారికి, బేసి కారణాంకాలెన్ని అని అడిగితే 2ను వదిలేసి 48 అని, వర్గ సంఖ్యలైన కారణాంకాలెన్ని అని అడిగితే సరి ఘాతాలను మాత్రమే తీసుకుని 6 అని చెప్పడానికి వేరే సూత్రం అక్కరలేదు. తనకంటే చిన్నదైన ఏ సంఖ్యకూ లేనన్ని కారణాంకాలు గల సంఖ్యల మీద శ్రీనివాస రామానుజన్ 1915లో పరిశోధనా పత్రం ప్రచురించారు. 7,20,720 ఆ కోవకు చెందినదే. ఇది సిలబస్‌లో లేకపోయినా, తెలిసిన తరువాత ఈ సంఖ్య మీద నాకు గౌరవం పెరిగింది.

1 నుంచి 16 వరకు గల సంఖ్యల క.సా.గు. కూడా ఇదే. 15 వరకు 3,60,360 సరిపోతుంది. 16కు నాలుగో 2 కావాలి కనుక రెట్టింపవుతుంది. 17 ప్రధాన సంఖ్య కాబట్టి పదిహేడు రెట్లై 1,22,52,240కి చేరుతుంది. ఈ లెక్క వేస్తుండగా పక్కన కూర్చున్న జూనియర్ ఒకరు, “అన్నా, 18కి మళ్ల గుణించాల్నా?” అని అడిగాడు. అక్కరలేదు, 18కి కావలసిన 2, 3² రెండూ అందులో ముందే ఉన్నాయి. క.సా.గు.లో ఇంతకంటే మంచి ప్రశ్న లేదని నా అభిప్రాయం.

శేషాల బిట్లు కూడా ఇక్కడి నుంచే పుడతాయి. 2తో భాగిస్తే 1, 3తో భాగిస్తే 2, అలా 16తో భాగిస్తే 15 శేషం వచ్చే అతి చిన్న సంఖ్యను అడిగారనుకోండి. ప్రతిచోటా శేషం భాజకానికి ఒకటే తక్కువ, అంటే ఆ సంఖ్యకు ఒకటి కలిపితే అన్నింటితోనూ నిశ్శేషంగా భాగించబడుతుంది కాబట్టి, క.సా.గు.లో ఒకటి తీసేస్తే జవాబు 7,20,719.