ఇసుక వదిలేసి బాస్మతికి మారాను: కుప్ప జారుళ్ల లెక్క

కుప్ప పోస్తూ దాని మీద ఎంతెంత జారుళ్లు వస్తాయో లెక్కపెట్టే ప్రయోగం నాది. అందులో స్వర్ణముఖి నది ఇసుకతో పని ఆపేశాను. ఎన్నిసార్లు పోసినా ఒకటే వరస: వాలు పెరుగుతూ పోతుంది, ఉన్నట్టుండి ఒక పెద్ద జారుడు, మళ్లీ మొదటికి. నాకు కావాల్సింది చిన్నవీ పెద్దవీ కలగలిసిన జారుళ్లు. 1987లో పెర్ బాక్, చావో టాంగ్, కర్ట్ వీసెన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ఇచ్చిన ఇసుక కుప్ప నమూనా కంప్యూటర్లో అచ్చం అలాగే నడుస్తుంది. గడిలో నాలుగు రేణువులు చేరితే చుట్టుపక్కల నాలుగు గళ్లకూ ఒక్కోటి పంచేస్తుంది, అంతే నియమం. నిజం ఇసుక ఆ మాట వినదు. దొర్లడం మొదలైన రేణువు వేగం పుంజుకుని దారిలో ఉన్నవాటినీ లేపుకుపోతుంది.

1996లో నార్వేలోని ఓస్లో శాస్త్రవేత్తల బృందం నేచర్ పత్రికలో వేసిన ప్రయోగం బియ్యంతోనే. పొడుగు గింజ దొర్లదు, కాస్త జారి ఎక్కడో తట్టుకుని ఆగిపోతుంది. అందుకే వాళ్లకు పొడుగు బియ్యంలో అన్ని సైజుల జారుళ్లూ కనిపించాయి, పొట్టి గింజల్లో కనిపించలేదు.

నా ఏర్పాటు చవకే. అద్దాల షాపులో మిగిలిన రెండు ముక్కలు, రెండడుగుల పొడుగు, అడుగు ఎత్తు. మధ్యలో సెంటీమీటరు సందు, ఒక చివర సిలికాన్‌తో మూసేశాను, రెండో చివర తెరిచే ఉంది. మూసిన వైపు పైన కాగితం దోనె, దాని కింద పాత ఫోన్లోంచి పీకిన వైబ్రేషన్ మోటారు. కరెంటు తగ్గిస్తే గింజలు రెండు మూడుగా రాలతాయి. తెరిచిన చివర కింద నగల త్రాసు మీద స్టీలు పళ్లెం, ఆ అంకెల్ని ఫోన్ వీడియో తీస్తుంది. బాస్మతి వంద గింజలు రెండు గ్రాముల చిల్లర తూగాయి, కాబట్టి 0.01 గ్రాముల త్రాసుకు ఒక్క గింజ కూడా అందుతుంది.

అసలు తలనొప్పి ఈ కార్తీకపు ముసురు. తిరుపతిలో వాన పట్టిందంటే బియ్యం చెమ్మెక్కి గింజకు గింజ అంటుకుంటుంది, వాలు నిటారుగా నిలబడుతుంది. ఎండ కాసినప్పుడే ఆరబెట్టి, మూత బిగువైన డబ్బాలో పోసి, ఫ్యాను ఆపి మొదలుపెట్టాలి. “అన్నం పెట్టే బియ్యంతో ఏం ఆటలురా, కాలికింద పడనీయకు” అంటూ అమ్మ నేల మీద చాప పరిచింది. ఆ బియ్యం మళ్లీ వంటింట్లోకి రావడానికి మాత్రం ఒప్పుకోలేదు.

బాస్మతిలో రెండు మూడు గింజల జారుళ్లు లెక్కలేనన్ని, వందకు పైగా పడేవి అరుదు. జారుడు సైజు ఒక అక్షం మీద, అలాంటివి ఎన్ని వచ్చాయో రెండో అక్షం మీద, రెండూ లాగరిథమ్‌లో (ఒక్కో గడికి పది రెట్లు) పెట్టి గీస్తే మధ్య భాగం దాదాపు సరళరేఖ. పెద్ద సైజుల దగ్గర పడిపోతోంది. రెండడుగుల కుప్పకు అంతకు మించిన జారుడు ఎక్కడిది? గింజ పొట్టిగా ఉండే సోనా మసూరిలో ఆ రేఖ ముందే వంగిపోయింది. భూకంపాల్లో తీవ్రత ఒక అంకె పెరిగితే సంఖ్య సుమారు పదో వంతుకు పడిపోయే లెక్కతో దీన్ని పోల్చాలని చెయ్యి లాగుతోంది. కానీ ఇంత చిన్న పరిధిలో ఆ రేఖ వాలు కొలిచి ఆ పోలిక తేవడం అతి అవుతుంది. పొడుగైన అద్దాలు దొరికాక చూద్దాం.

ఇక నూకలు పోయాలి. వాటికి పళ్లెం అంచు ఎత్తుగా ఉన్నది కావాలి, లేకపోతే ఎగిరి త్రాసు బయట పడతాయి.