ఫారం సంచిలోనే ఉండనివ్వండి

రైతు ఆత్మహత్య జరిగిన ఇళ్లకు రీసెర్చ్ కోసం వెళ్లే పిల్లలు ఫోన్ చేస్తుంటారు, "మేడం, ప్రశ్నలు రెడీ, సర్పంచ్ నంబర్ ఇప్పించండి" అని. సర్పంచ్‌కు ఒక మాట చెప్పడం మర్యాదే. కానీ ఆయన బండి మీదనో, ఎరువుల దుకాణాయన బండి మీదనో ఆ ఇంటి ముందు దిగారా, ఇక అప్పుల సంగతి మీకు ఎవరూ చెప్పరు. పరకాల, నర్సంపేట వైపు విత్తనాలు, మందులు ఉద్దెర ఇచ్చేదీ, దాని మీద మిత్తి వసూలు చేసేదీ, చివరికి పత్తి కొనేదీ ఒక్కడే కావడం మామూలే.

ఈ ఇళ్లవాళ్లకు ప్రశ్నలు కొత్తేం కాదు. 1997-98లో లద్దె పురుగు పత్తిని తినేసినప్పటి నుంచీ వరంగల్ పల్లెలకు కమిటీలు, పత్రికలవాళ్లు, మనలాంటివాళ్లు వస్తూనే ఉన్నారు. సర్కారు పరిహారం అడిగితే తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి విచారణకు వస్తారు: అప్పెంత, పట్టా ఎవరి పేరున ఉంది, తాగేవాడా? 2015 జీవోలోని 6 లక్షలు వచ్చేదీ రానిదీ ఆ జవాబులను బట్టే. కౌలు రైతైతే చూపించడానికి పాసుబుక్కే ఉండదు. మీ ఫారంలో ఉన్నవీ దాదాపు అవే ప్రశ్నలు కదా! అందుకే "ఇది రాసుకపోతే పైసలొస్తయా బిడ్డా?" అని ముసలమ్మ అడిగితే, "రావమ్మా, నేను సర్కారు మనిషిని కాను, నా చదువు కోసం వచ్చిన" అని తేటగా చెప్పండి. "చూద్దాం" అని మాత్రం అనొద్దు. రావన్నాక కొందరు లేచి లోపలికి పోతారు, పోనివ్వండి.

పత్తి ఏరే రోజుల్లో పగటిపూట వెళ్లకండి, కూలి పోతుంది. అత్త ముందు కోడలిని డబ్బు గురించి అసలే అడగొద్దు, పరిహారం ఎవరి ఖాతాలో పడాలన్న దగ్గరే మాటలు పోయిన ఇళ్లున్నాయి. పక్కింటివాళ్లు వచ్చి కూర్చున్నారా, వానల గురించి మాట్లాడి లేచి రండి. ఓసారి బీడీలు చేసే ఒకామె తునికాకు కత్తిరిస్తూ, తలెత్తకుండానే ఎవరి దగ్గర ఎంత తెచ్చారో మొత్తం చెప్పి, ఆఖర్న "గిది రాయకు అక్కా" అంది. అప్పటికే రాసేశాను, ఆ కాగితం చింపి ఆమె చేతికే ఇచ్చాను. తర్వాత నన్ను వాళ్ల చెల్లెలి ఇంటికి తీసుకుపోయింది ఆమే.

ఇక రీసెర్చ్‌కు ఒప్పుకున్నట్టు తీసుకునే సంతకం టెన్షన్. వేలిముద్ర అనగానే వాళ్లకు గుర్తొచ్చేది ప్రామిసరీ నోటు. విషయం సున్నితమైనదై సంతకం వీలుకాకపోతే, సంబంధం లేని సాక్షి ముందు నోటిమాటగా అంగీకారం తీసుకోవచ్చని 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లోనే ఉంది. మీ ఎథిక్స్ కమిటీ దగ్గర దానికి ముందే అనుమతి తెచ్చుకోండి. ఆ సాక్షి మాత్రం ఎరువుల దుకాణాయన కాకుండా చూసుకోండి.